అదాలజ్ వావ్: రాణి బావిలో దూకిన కథ శాసనంలో ఉందా?

పాతరాయి:
అహ్మదాబాద్‌కు ఉత్తరాన సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఉన్న అదాలజ్ దిగుడు బావి (గుజరాతీలో వావ్) గురించి ఎక్కడ చదివినా ఒకటే కథ. వాఘేలా రాజు వీరసింహుడు బావి మొదలుపెట్టాడు. గుజరాత్ సుల్తాన్ మహమూద్ బేగడా దండెత్తి వచ్చి అతణ్ణి చంపి, రాణి రూడాబాయిని పెళ్లాడతానన్నాడు. ముందు బావి పూర్తి చేయించమని ఆమె షరతు పెట్టింది. పూర్తయ్యాక చుట్టూ ప్రదక్షిణ చేసి అందులోనే దూకేసింది. ఇది శాసనంలో ఉన్న మాటేనా? కట్టిన సంవత్సరాన్ని కొందరు 1498 అనీ, కొందరు 1499 అనీ ఎందుకు రాస్తారు? ఇంకొకటి, నీళ్ల కోసమే అయితే మామూలు చేదబావి చాలు కదా, ఐదంతస్తులు దేనికి?

శాసనపాఠం:
లేదండీ. మొదటి అంతస్తులో ఉన్న సంస్కృత శాసనంలో యుద్ధం లేదు, హత్య లేదు, దూకడం అసలే లేదు. వినాయకుడికి నమస్కారం, తర్వాత దండాహి దేశాధిపతుల వంశక్రమం: మొకలుడు, కర్ణుడు, మూలరాజు, మహీపుడు, అతని కొడుకులు వీరసింహుడు, నైషుడు. వీరసింహుని రాణి రూడా ఈ బావి కట్టించిందని స్పష్టంగా ఉంది. ఖర్చు ఐదు లక్షల టంకాల (అప్పటి నాణేలు) పైచిలుకు. మహమూద్ పాదుషా, అంటే బేగడా, పేరు 'ఏలుబడిలో' అన్న వరకే. కాలం చెప్పేటప్పుడు ఏలికను పేర్కొనడం అప్పటి ఆనవాయితీ, అంతమాత్రాన డబ్బు ఆయన పెట్టినట్టు కాదు.

సంవత్సరం తికమక లెక్కలో వచ్చింది. శాసనంలో తేదీ విక్రమ సంవత్ 1555, ఉత్తరాయణం, మాఘ శుద్ధ పంచమి, బుధవారం, ఉత్తరాభాద్ర, సిద్ధి యోగం, బవ కరణం. 1555లోంచి కళ్లు మూసుకుని 57 తీసేస్తే 1498 వస్తుంది. కానీ మాఘం వచ్చేది జనవరి, ఫిబ్రవరిల్లో, అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. కాబట్టి 56 తీయాలి, అంటే 1499. తిథి చూశారుగా, మన శ్రీపంచమి! పంచాంగం ఐదంగాలూ చూసుకుని చేసిన ప్రతిష్ఠ అది. శాసనం చెప్పలేదు కాబట్టి ఏమీ జరగలేదని తేల్చలేం గానీ, కథను చరిత్రగా రాయడం మాత్రం తప్పు.

పక్కనే ఇంకో సంగతి ఉంది. అదే 1499లో అహ్మదాబాద్ అసార్వాలో దాదా హరీర్ వావ్ కట్టారు. కట్టించింది బేగడా అంతఃపురపు అధికారిణి బాయి హరీర్. అక్కడ సంస్కృత శాసనమూ ఉంది, అరబ్బీ శాసనమూ ఉంది. అదాలజ్‌లో కల్పవృక్షం, అమృతకలశం, నవగ్రహాల వరుస, మజ్జిగ చిలికే ఆడవాళ్లు ఒకవైపు, ఇస్లామీ శైలి లతల అల్లికలు ఒకవైపు కనిపిస్తే 'రాజు మొదలెట్టాడు, సుల్తాన్ ముగించాడు' అనే కథ అల్లక్కర్లేదు. ఆనాటి గుజరాత్ పనితనమే అది.

గచ్చుపని:
ఐదంతస్తుల సంగతి నేను చెబుతాను. ఉత్తర గుజరాత్‌లో వాన నాలుగు నెలలు, మిగతా కాలమంతా ఎండే. నీటిమట్టం ఏడాదిలో చాలా మీటర్లు ఎక్కి దిగుతుంది. చేదబావి అయితే ఎండాకాలంలో తాడు పొడవు పెంచుకుంటూ పోవాలి. దిగుడు బావిలో మనిషే నీళ్ల వెంట కిందికి దిగుతాడు. వానాకాలంలో పై అంతస్తులోనే కడవ ముంచుకోవచ్చు, వేసవిలో ఆఖరి మెట్టు దాకా వెళ్లాలి.

ఇక ఆ స్తంభాలూ దూలాలూ అందం కోసమే అనుకోకండి. అంత పొడుగు కందకం తవ్వి రెండు పక్కలా గోడ కడితే వెనక మట్టి లోపలికి నెడుతూనే ఉంటుంది. ఎదురెదురు గోడల మధ్య అంతస్తుల వారీగా వేసిన రాతి దూలాలు ఆ తోపుడును ఆపుతాయి. వానాకాలం వెళ్లాక ప్రమాదం ఎక్కువ: గోడ వెనక మట్టి ఇంకా తడిసి బరువుగా ఉంటుంది, లోపల ఎదురు నెట్టే నీళ్లు తగ్గిపోతాయి. అప్పుడే గోడ ఉబ్బుతుంది. పాత బావులు బాగుచేసేటప్పుడు సందులన్నీ సిమెంటుతో మూసేస్తే ఇదే ముంచుతుంది. తేమ బయటికి రాలేక రాయిలోంచే దారి చూసుకుంటుంది, ఉప్పు పేరుకుని ఇసుకరాయి పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. సున్నం వాడాలి, నీరు కారే రంధ్రాలు వదలాలి.

శిల్పశాస్త్రంలో వావ్‌లకు నాలుగు రకాలు. ఒక ద్వారం, మూడు కూటాలు (మెట్లదారి మీది మండపాలు) ఉంటే నంద. రెండు, ఆరు అయితే భద్ర. మూడు, తొమ్మిది అయితే జయ. నాలుగు, పన్నెండు అయితే విజయ. అదాలజ్‌కు మూడు దిక్కుల నుంచి మెట్లు వచ్చి మొదటి అంతస్తు చావడిలో కలుస్తాయి, అందుకే దాన్ని జయ కింద లెక్కిస్తారు. పాటణ్‌లోని రాణీ కీ వావ్‌ది నంద.

ఊటనీరు:
కథల మాట వచ్చింది కాబట్టి. బావి పక్కన ఆరు సమాధులున్నాయి. కట్టిన మేస్త్రీలవట. ఇలాంటిది ఇంకోటి కట్టగలరా అని బేగడా అడిగితే కట్టగలమన్నారట, చంపించాడట. తాజ్‌మహల్ కూలీల చేతులు నరికించారన్న కథకు ఇది అన్నదమ్ముడే. ఆధారంగా పనికిరాదు.

రాణి దూకడం మాత్రం వేరే కోవ. నీటికి ప్రాణం ఇస్తేనే నీరు నిలుస్తుందన్న నమ్మకం దాని వెనక ఉంది. వఢ్వాణ్‌లోని మాధవ్ వావ్ (1294) కథ చూడండి: పన్నెండేళ్లు నీళ్లు పడలేదట, కొడుకూ కోడలూ మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టుకూ నీరు పైకి వచ్చిందట. చెరువు కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన మన బుక్కరాయసముద్రం ముసలమ్మ గుర్తొస్తోందా? పాటణ్ సహస్రలింగ చెరువు కథలో జస్మా శాపం వల్ల నీళ్లే నిలవవు. ఆమె మన ఒడ్డెరల్లా చెరువులు తవ్వే ఓడ్ కులం ఆడపడుచు.

పాతరాయి:
లెక్క ఇప్పుడు అర్థమైంది, 57 దగ్గరే పొరబడ్డాను. మరి ఇంత మంచి బావుల వాడకం ఎందుకు ఆగిపోయింది?

గచ్చుపని:
ఒకటి నారి కురుపు. కాలికి పురుగున్న మనిషి నీళ్లలో దిగితే అది పిల్లల్ని వదులుతుంది, వాటిని నీటిలోని సూక్ష్మ పీతపురుగులు మింగుతాయి, ఆ నీళ్లు వడకట్టకుండా తాగినవాడికి ఏడాదికి కురుపు తేలుతుంది. మనిషి దిగే బావి ఆ పురుగుకు అనువైన చోటు, అందుకే ఆరోగ్య శాఖలు దిగుడు బావులను మూయించి చేదబావులుగా మార్చాయి. 2000లో భారత్‌ను నారి కురుపు లేని దేశంగా ప్రకటించారు. రెండోది గొట్టపుబావులు. భూగర్భజలం ఆఖరి మెట్టు కంటే కిందికి జారిపోతే ఎన్ని అంతస్తులున్నా దిగి చూసేది అడుగునున్న ఒండ్రునే.