ముత్యాల గర్భానికి కీమో ముగిసిన ఏడాదిలోపే గర్భం నిలిస్తే?

ప్రశ్న: ముత్యాల గర్భం (బిడ్డ సరిగా ఏర్పడకుండా, మాయ ముత్యాల్లాంటి నీటిబుడగలుగా పెరిగే మోలార్ ప్రెగ్నెన్సీ) తొలగించాక హెచ్‌సీజీ అనే గర్భధారణ హార్మోన్ తగ్గకపోవడంతో నాకు మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఇచ్చారు. ఏడాది ఆగమన్నారు గానీ, అది నిండకముందే గర్భం నిలిచింది. తీయించుకోవలసిందేనా అని భయంగా ఉంది.

జవాబు: తొందరపడి ఆ నిర్ణయం తీసుకోకండమ్మా. వ్యాధి తిరగబెట్టే అవకాశం మొదటి 12 నెలల్లోనే ఎక్కువ కావడం, గర్భంతో సహజంగా పెరిగే హెచ్‌సీజీ ఆ సూచనను కప్పివేయడం వల్లనే ముఖ్యంగా ఆగమంటారు. ముందే గర్భం దాల్చినవారిలో అధికులు ఆరోగ్యవంతులైన బిడ్డలనే కన్నారు.

మరో జవాబు: మీకు కీమో ఇచ్చిన వైద్యులకు వెంటనే తెలిపి, తొలి వారాల్లోనే స్కాన్ చేయించుకోండి. మళ్లీ ముత్యాల గర్భం వచ్చే అవకాశం సుమారు 1 శాతమే.

ఇంకో జవాబు: ప్రసవమైన 6 వారాలకు హెచ్‌సీజీ పరీక్ష తప్పనిసరిగా చేయించుకోండి, బిడ్డ సందడిలో అదే మరుగున పడుతుంది.