మార్పులు చేసిన క్వాడ్ 405 అమ్మాలి: కొనేవాళ్లకి ఏం చెప్పాలి, ధర ఎలా పెట్టాలి?

ప్రశ్న

నమస్కారం. పదకొండేళ్లుగా నా దగ్గరున్న క్వాడ్ 405 పవర్ ఆంప్లిఫయర్ అమ్మేద్దామనుకుంటున్నాను. పాడైపోయి కాదు, నిన్న రాత్రి కూడా దాని మీదే విన్నాను. ఈమధ్య కొన్న స్పీకర్ల ఇంపెడెన్స్ (కరెంట్‌కి అవి ఇచ్చే అడ్డు) కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 3 ఓమ్‌లకి పడిపోతుంది. 405లో కరెంట్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌కి అలాంటి లోడ్ పడదు, కాస్త గట్టిగా పెడితే సౌండ్ బిగుసుకుపోతుంది. ఇష్టం లేకపోయినా వదులుకోక తప్పడం లేదు.

ఇబ్బంది ఏంటంటే, ఇది ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఉన్నట్టు లేదు. ఇన్నేళ్లలో చాలా మార్చాను. పవర్ సప్లైలో 10,000 మైక్రోఫారడ్ పాత కెపాసిటర్లు తీసేసి 15,000 మైక్రోఫారడ్, 63 వోల్టులవి పెట్టాను. ఇన్‌పుట్‌లో ఉన్న ఎల్ఎమ్301ఏ ఆప్‌ఆంప్ (సిగ్నల్ పెంచే చిన్న చిప్) బదులు ఓపీఏ134 వేశాను. వెనక ఉన్న డిన్ సాకెట్ (పాతకాలపు గుండ్రటి సాకెట్) తీసి, మామూలు ఆర్‌సీఏ సాకెట్ల కోసం రెండు రంధ్రాలు చేశాను. సీడీ ప్లేయర్‌కి సరిపోయేలా గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది) తగ్గించాను. స్పీకర్లని పాడుచేసే డీసీ కరెంట్ వాటికి పోకుండా, లైన్ తెంచే రిలే స్విచ్ ఉన్న ప్రొటెక్షన్ బోర్డు కూడా లోపల పెట్టాను. చాలావరకు నేనే చేశాను, కెపాసిటర్లు మాత్రం తెలిసిన టెక్నీషియన్ మార్చారు.

వీటికి పెట్టిన డబ్బు ధరలో కలపొచ్చా? ఏం మార్చకుండా ఉన్నవాటికే విలువ ఎక్కువని కొందరంటున్నారు. చేసింది దాచి అమ్మే ఉద్దేశం నాకు లేదు. కానీ ఎలా చెబితే కొనేవాళ్లకి నమ్మకం కలుగుతుందో తెలియడం లేదు.

జవాబు

ముందుగా ఒక మాట. ప్రకటనలో 'అప్‌గ్రేడ్ చేశాను' అని రాయకండి. 'ఇది తీసి ఇది పెట్టాను, ఫలానా ఏడాదిలో' అని రాయండి. అప్‌గ్రేడ్ అనే మాట మీ అభిప్రాయం, కొనేవాడికి కావాల్సింది సమాచారం. నాలాంటి వాళ్లం ఆ మాట చూడగానే లోపల ఎవరు చెయ్యి పెట్టారో, సోల్డర్ ఎలా ఉందో, బోర్డు మీద రాగి గీతలు లేచిపోయాయేమో అని ఆలోచించడం మొదలుపెడతాం.

405 విషయంలో నేనైతే మొదట అడిగేది దాని లోపలి బ్రిడ్జి గురించే. 1975లో క్వాడ్ వాళ్లు కరెంట్ డంపింగ్ పద్ధతితో తెచ్చిన ఆంప్లిఫయర్ ఇది, ఆ డిజైన్ పీటర్ వాకర్, మైఖేల్ అల్బిన్సన్‌లది. లోపల ఒక చిన్న క్లాస్ ఏ ఆంప్లిఫయర్ నాణ్యత చూసుకుంటుంది, పెద్ద డంపర్ ట్రాన్సిస్టర్లు బరువు మోస్తాయి, ఆ రెంటి మధ్య లెక్క సరిపోయేలా చూసేది ఒక కాయిల్, ఒక కెపాసిటర్, రెండు రెసిస్టర్లతో కట్టిన బ్రిడ్జి. అందుకే మిగతా పాత ఆంప్లిఫయర్లలో లాగా ఇందులో బయాస్ (ట్రాన్సిస్టర్లలో ఎప్పుడూ పారే కొద్దిపాటి కరెంట్) సెట్ చేసే ప్రీసెట్ ఉండదు. ఆ నాలుగు భాగాల్లో ఏ ఒక్కదాన్నయినా 'ఇంకా మంచిది' అని వేరే విలువతో మార్చి ఉంటే బ్యాలెన్స్ పోతుంది, డిస్టార్షన్ పెరుగుతుంది. చెవికి వెంటనే తెలియకపోవచ్చు కూడా. వాటిని మీరు ముట్టుకోకపోతే ఆ ముక్క ప్రకటనలో స్పష్టంగా రాయండి, తెలిసినవాళ్లకి అదొక్కటే సగం భరోసా.

రెండోది ఆప్‌ఆంప్. ఎల్ఎమ్301ఏకి దాన్ని స్థిరంగా ఉంచే కాంపెన్సేషన్ కెపాసిటర్ బయట పెట్టాలి, ఓపీఏ134కి అది లోపలే ఉంటుంది. పాత కెపాసిటర్ తీశారా, అలాగే వదిలేశారా? కొత్తది వేశాక ఆసిల్లోస్కోప్ (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే పరికరం) మీద ఎవరైనా చూశారా?

మూడోది గెయిన్, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 405 మామూలుగా 0.5 వోల్టు ఇన్‌పుట్‌కే పూర్తి 100 వాట్లు ఇస్తుంది. సీడీ ప్లేయర్లు 2 వోల్టులు ఇస్తాయి కాబట్టి మీరు తగ్గించడంలో తప్పులేదు. కానీ 405 కోసం వెతికేవాళ్లలో క్వాడ్ 33, 44 ప్రీఆంప్లిఫయర్లు (పవర్ ఆంప్లిఫయర్‌కి ముందు కలిపేవి) ఉన్నవాళ్లు ఎక్కువ. అవి ఇచ్చేది ఆ 0.5 వోల్టే. అలాంటివాళ్లు మీ ఆంప్లిఫయర్ తీసుకెళ్లి కలిపితే సౌండ్ నీరసంగా వస్తుంది, మీరు పాడైంది అంటగట్టారనుకుంటారు. ఏ విలువ రెసిస్టర్ పెట్టారో, ఇప్పుడు ఎన్ని వోల్టులకి ఫుల్ పవర్ వస్తుందో తప్పకుండా చెప్పండి.

జవాబు

పైన అడిగినవన్నీ ఎందుకు ముఖ్యమో నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట 'పూర్తిగా అప్‌గ్రేడ్ చేసినది' అన్న మాట నమ్మి ఒక పాత ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ కొన్నాను. ఏ కంపెనీది అన్నది అనవసరం, తప్పు దాన్ని తయారుచేసినవాళ్లది కాదు. అమ్మినాయన మంచివాడే, వినిపించాడు కూడా, బాగుంది. ఇంటికి తెచ్చాక గమనించాను, పాట లేకపోయినా హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. అలా మూడో వారంలో ఒక ట్వీటర్ పోయింది. స్కోప్ పెట్టి చూస్తే ఇంకేముంది, చెవికి వినిపించని ఫ్రీక్వెన్సీలో తనంతట తానే అదే పనిగా ఆసిలేట్ అవుతోంది. స్పీడ్ ఎక్కువ ఉన్న ఆప్‌ఆంప్‌లు తెచ్చి పాత వాటి సాకెట్లలో గుచ్చేశారు, పక్కన ఉండాల్సిన, సప్లైని నిలకడగా ఉంచే డీకప్లింగ్ కెపాసిటర్లు లేవు. ఏం మార్చారో రాసిపెట్టిన కాగితం లేదు, తీసిన భాగాలు లేవు, అమ్మినాయనకి కూడా తెలియదు, అది ముందు యజమాని చేసిన పనట. రిపేర్ కన్నా అసలు లోపల ఏముండాలో కనుక్కోవడానికే ఎక్కువ రోజులు పట్టింది.

అందుకే అడుగుతున్నాను, తీసిన పాత భాగాలు మీ దగ్గర ఉన్నాయా? ఉంటే ఒక్కొక్కటి చిన్న కవర్‌లో వేసి, ఎక్కడిదో పైన రాసి ఆంప్లిఫయర్‌తో పాటే ఇచ్చేయండి. ఆ పాత కెపాసిటర్లు మళ్లీ ఎవరూ వాడరు, నిజమే. కానీ ఆ డిన్ సాకెట్, ఆ రెసిస్టర్లు, ఆ ఆప్‌ఆంప్ ఉంటే కావాలనుకున్నవాడు వెనక్కి వెళ్లగలడు. నాకు అప్పుడు ఆ దారి లేకపోయింది.

జవాబు

ధర సంగతి నేను చెబుతాను, మీకు నచ్చకపోవచ్చు. పెట్టిన డబ్బు తిరిగి రాదు. సర్వీస్ చేసి, మార్పులేవీ లేకుండా బాగా పనిచేస్తున్న 405 నిజంగా ఎంతకి అమ్ముడుపోయిందో చూసుకోండి, అమ్మేవాళ్లు అడుగుతున్న ధర కాదు. అది మీకు పైహద్దు. కెపాసిటర్లు మార్చడం మిమ్మల్ని ఆ హద్దు దగ్గరికి తీసుకెళుతుంది, దాటించదు. ఎందుకంటే ఇంత పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మార్చడం మెయింటెనెన్స్ కిందికే వస్తుంది. వెనక చేసిన రంధ్రాలు కొంత తగ్గిస్తాయి, అవి పూడ్చలేం కదా.

డీసీ ప్రొటెక్షన్ మాత్రం నా దృష్టిలో మంచి పని. మొదటి 405ల్లో స్పీకర్లని కాపాడే ఏర్పాటేమీ లేదు. ఒక డంపర్ షార్ట్ అయితే దాదాపు 50 వోల్టుల డీసీ నేరుగా వూఫర్‌లోకి పోతుంది. రిలే కాంటాక్టుల గుండా సిగ్నల్ పోకూడదని పట్టుబట్టేవాళ్లు కొందరుంటారు, వాళ్లు మీది కొనరు, అంతే.

జవాబు

రంధ్రాల గురించి పైన చెప్పినదానితో నేను పూర్తిగా ఒప్పుకోను. 405 షోకేసులో పెట్టుకునేంత అరుదైన వస్తువు కాదు, చాలానే తయారయ్యాయి. రోజూ వినేవాడికి డిన్ కేబుల్ వెతుక్కోవడం నిజంగా తలనొప్పి, నేనైతే ఆర్‌సీఏ ఉన్నదే తీసుకుంటాను. శుభ్రంగా, వరసలో చేసినవైతే ఫొటో దగ్గరగా తీసి పెట్టండి, దాచినట్టు ఉండకూడదు.

ఫొటోలంటే ముందువైపు మెరిసేలా తుడిచి తీసినవి రెండు పెడితే సరిపోదు. మూత తీసి బోర్డుల రెండు వైపులా తీయండి, సోల్డర్ వైపు తప్పనిసరి. ఫోన్‌లో పాట రికార్డు చేసి పెడతారు కొందరు, దానివల్ల ఏమీ తెలియదు. బదులుగా రెండు చానెళ్ల డీసీ ఆఫ్‌సెట్ (పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్‌లో మిగిలే డీసీ) ఎన్ని మిల్లీవోల్టులో మీటర్ ఫొటోతో పెట్టండి. డమ్మీ లోడ్ (స్పీకర్ బదులు పెట్టే రెసిస్టర్) దొరికితే ఇంకా మంచిది, 8 ఓమ్‌ల మీద సిగ్నల్ కొనలు తెగి క్లిప్ కాకుండా 28.3 వోల్టులు వస్తే 100 వాట్లు వచ్చినట్టే.

పంపేటప్పుడు జాగ్రత్త. చూడ్డానికి చిన్నది, కానీ సుమారు 9 కిలోలు, అందులో ఎక్కువ భాగం ట్రాన్స్‌ఫార్మర్‌దే. ముందువైపు ఉన్న హీట్‌సింక్ రెక్కలే ముఖం కాబట్టి ఆ పక్క మీద పడితే రెక్కలు వంగుతాయి. గట్టి ఫోమ్‌తో ఒక పెట్టె, దాన్ని మళ్లీ రెండంగుళాల ఖాళీతో ఇంకో పెట్టెలో. థర్మకోల్ ముక్కలు వదులుగా పోస్తే దారిలో బరువంతా అడుగుకి దిగిపోతుంది. కుదిరితే ఎవరైనా వచ్చి విని, చేత్తో తీసుకెళ్లడమే మేలు.

మొదట అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. ఈ రెండు రోజులూ మూత తీసి కూర్చున్నాను. బ్రిడ్జి భాగాలు నేను ముట్టుకోలేదు, టెక్నీషియన్‌ని కూడా అడిగి ఖాయం చేసుకున్నాను. ఆప్‌ఆంప్ మార్చినప్పుడు పాత కాంపెన్సేషన్ కెపాసిటర్లు తీసేశాను, అవి కవర్‌లో దొరికాయి. స్కోప్ మీద చూడలేదన్నది మాత్రం నిజం, ఇన్నాళ్లూ ఆ ఆలోచనే రాలేదు. నిన్న టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లి చూపించాను, రెండు చానెళ్లూ స్థిరంగా ఉన్నాయి. ఆఫ్‌సెట్ ఎడమవైపు 2, కుడివైపు 5 మిల్లీవోల్టులు.

గెయిన్ విషయం చదివాక ఒక నిర్ణయం తీసుకున్నాను. పాత రెసిస్టర్లు ఉన్నాయి కాబట్టి వాటినే మళ్లీ వేసి 0.5 వోల్టుకి తెచ్చేశాను. సీడీ ప్లేయర్‌తో వాడుకునేవాళ్లకి నేను తీసిన రెసిస్టర్లు కవర్‌లో ఇస్తాను. డిన్ సాకెట్ కూడా దొరికింది, దాని పాత చోటు అలాగే ఉంది. ధర పైన చెప్పినట్టే, సర్వీస్ చేసిన మామూలు 405 కంటే కాస్త తగ్గించి పెడతాను.

క్వాడ్ 33 ఉన్న ఒకాయన అప్పుడే అడిగారు. ఆదివారం తన ప్రీఆంప్లిఫయర్ తెచ్చుకుని, ఇక్కడే కలిపి వింటానన్నారు. సరేనన్నాను. ఆ రోజు ఆయన వచ్చేముందు నా పాత స్పీకర్లు అటక మీంచి దించాలి, ఈ కొత్తవాటి మీద వినిపిస్తే 405కి అన్యాయం చేసినట్టవుతుంది.