ఇంటర్వ్యూ చేసినవాళ్లకి, రిఫరెన్స్ ఇచ్చిన ప్రొఫెసర్‌కి థాంక్స్ ఎలా చెప్పాలి?

కొత్త విద్యార్థి, ఆర్లింగ్టన్, టెక్సస్:
అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌తో మాస్టర్స్ అయిపోతుంది. నిన్న ఇంటర్వ్యూ జరిగింది, ముగ్గురు మాట్లాడారు. మెయిల్ పెడితే బతిమాలినట్టు ఉంటుందేమో అని భయం. రిఫరెన్స్ లెటర్ ఇచ్చిన మా ప్రొఫెసర్ మేడమ్‌కి అమ్మ పోచంపల్లి పట్టుచీర పంపుతానంటోంది. ఇవ్వచ్చా?

డాలస్ నుంచి:
తమ్ముడూ, మెయిల్ ఇవాళే పెట్టెయ్. 24 గంటల్లోపు పెట్టడం ఇక్కడ మామూలే, ఎవరూ తప్పుగా అనుకోరు. ముగ్గురికీ విడివిడిగా రాయి. ఐడీలు లేకపోతే రిక్రూటర్‌ని పంపించమని అడుగు. నాలుగైదు లైన్లు చాలు. కానీ అందులో వాళ్లు నిజంగా చేసినది ఒకటి ఉండాలి. "రాత్రి పూట డేటా లోడ్‌ని రెండుగా ఎందుకు విడగొట్టారో బోర్డు మీద గీసి చూపించారు, నాకు కొత్త సంగతి తెలిసింది" అని రాస్తే, నువ్వు మనసుపెట్టి విన్నావని వాళ్లకి తెలుస్తుంది. "జీవితాంతం రుణపడి ఉంటాను" లాంటివి వద్దు. రిజల్ట్ ఎప్పుడొస్తుందని ఆ మెయిల్లోనే అడగకు, ఆ ఒక్క ప్రశ్నతో పైన చెప్పిన థాంక్స్ అంతా కొట్టుకుపోతుంది.

ఆస్టిన్ నుంచి:
బాబూ, చీర మాత్రం వద్దని అమ్మకి నచ్చజెప్పు. మీది స్టేట్ యూనివర్సిటీ అయితే ఉద్యోగులు బహుమతులు తీసుకోవడానికి నియమాలుంటాయి. పైగా గ్రేడ్లు ఇంకా పడలేదు, మీ మేడమ్‌కే ఇబ్బంది.

చేత్తో రాసిన కార్డు ఇవ్వు. అంతకంటే ముఖ్యం, ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆవిడకి నువ్వే చెప్పు. లెటర్ తీసుకుని మళ్లీ కనిపించని పిల్లలు చాలామంది. ఉద్యోగం వచ్చిన సంగతి టీచర్లకి లింక్డిన్‌లో తెలుస్తుంది, అది చాలా బాధపెడుతుంది. "మీ డేటాబేస్ క్లాసు ప్రాజెక్టు గురించే ఎక్కువసేపు అడిగారు" అని రాయి. ఏ చీరకీ అంత సంతోషపడరు.

కొత్త విద్యార్థి:
అక్కా, అన్నా, చాలా థాంక్స్. ముగ్గురికీ పంపేశాను, ఒకరు అప్పుడే జవాబిచ్చారు. కార్డులు ఎక్కడ దొరుకుతాయి?

ఆస్టిన్ నుంచి:
గ్రోసరీ స్టోర్‌లో, ఫార్మసీలో ఉంటాయి. లోపల ఏమీ అచ్చు వెయ్యనిది చూసి తీసుకో.