పద్మిని కారు మడ్‌గార్డు రేకు వెల్డింగ్ చేయగానే అప్పడంలా వంకర పోతోంది, తప్పు ఎక్కడుంది?

పాతబండి (హనుమకొండ):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కొన్న 1978 నాటి ప్రీమియర్ పద్మిని పదేళ్లకు పైగా ఇంటి వెనుక షెడ్డులో నిలిచిపోయింది. ఇంజను తిరుగుతోంది కాని, ఎడమ మడ్‌గార్డు కింది భాగం, తలుపుల కింద పొడవునా ఉండే సిల్ పెట్టె, డ్రైవరు కాళ్ల కింది ఫ్లోరు తుప్పుకు పోయాయి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగిపోతోంది. ఇద్దరు టింకరింగ్ మేస్త్రీలకు చూపించగా, తుప్పు మీదే రేకు అతికి, పుట్టీ పెట్టి రంగు కొడతామనీ, రెండు వానాకాలాల దాకా ఢోకా ఉండదనీ చెప్పారు. రెండు వానాకాలాల కోసమైతే నేను ఈ పని తలపెట్టేవాణ్ణే కాదు.

వృత్తి లెక్కలు చెప్పడం, సుత్తి పట్టిన చేయి కాదు. అయినా పాత సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు రక్షణలో తీగ కరిగించి అతికే) వెల్డింగ్ మిషను, ఒక గ్రైండరు కొని ఆరు నెలలుగా ఆదివారాలు ప్రయత్నిస్తున్నాను. 20 గేజి మందపు సీఆర్ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) రేకును మడ్‌గార్డు వంపుకు తగ్గట్టు వంచి, చక్కగా కూర్చున్నదని తృప్తిపడ్డాక, ఈ చివర నుంచి ఆ చివరకు ఆపకుండా వెల్డింగ్ చేశాను. చల్లారేసరికి జానెడు మేర రేకంతా అప్పడంలా అలలు తేలింది; బొటనవేలితో నొక్కితే డబ్బా మూతలా టక్కున లోపలికి పోయి మళ్లీ బయటికి వస్తోంది. ఉబ్బిన చోట సుత్తితో కొడితే ఉబ్బు ఇంకా పెరిగింది. దీన్ని సరిచేయవచ్చునా? సిల్, ఫ్లోరు వంటివాటిని నాలాంటివాడు ముట్టుకోవచ్చునా?

రేకుపని (కరీంనగర్):

పాతబండి గారూ, రేకు వంచడంలో మీరు తప్పలేదు, వెల్డింగ్ వరుసలో తప్పారు. ఎర్రగా కాలిన చోట ఇనుము వ్యాకోచించబోతుంది, కాని చుట్టూ ఉన్న చల్లని రేకు దాన్ని కదలనివ్వదు కనుక అది అక్కడికక్కడే మందమవుతుంది. చల్లారేటప్పుడు మాత్రం మునుపటికంటే ఎక్కువగా కుంచించుకుపోతుంది. అంటే మీ అతుకు గీత పొట్టిదైంది, పక్క రేకు పాత పొడవులోనే మిగిలింది, ఆ మిగులే అలలుగా కనిపిస్తోంది. ఉబ్బు మీద కొట్టడమంటే ఇప్పటికే ఎక్కువైన రేకును ఇంకా సాగదీయడమే. సాగవలసింది అతుకు. దాని గడ్డను గ్రైండరుతో దాదాపు రేకు మట్టానికి అరగదీసి, వెనుక డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) ఆనించి, సరిగ్గా డాలీ మీద పడేలా చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పొండి. రేకు సుత్తికీ డాలీకీ మధ్య నలిగితే ఖంగుమంటుంది, డాలీ పక్కకు తప్పితే మొద్దు శబ్దం వస్తుంది. ఆ తేడా చెవికి పట్టేదాకా కారు జోలికి పోకుండా, పాత ఇనుప సామాను దుకాణంలో ఒక తుక్కు తలుపు కొని దాని మీద సాధన చేయండి.

ఇకముందు అంచులను ఒకదానిపై ఒకటి ఎక్కించకుండా ఎదురెదురుగా ఆనించి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, నడుమ ఒకటి చొప్పున వెల్డింగ్ చుక్కలు పెట్టుకుంటూ, చుక్కకూ చుక్కకూ అంగుళం దూరం వచ్చేలా చూసుకుని, చేయి ఆనించగలిగేంత చల్లారాకే తరువాతి చుక్కకు వెళ్లండి. ఓపిక ఉంటే గ్యాస్ వెల్డింగ్ నేర్చుకోండి. సీఓటూ అతుకు గట్టిగా ఉండి సుత్తికి సరిగా లొంగదు, గ్యాస్ అతుకు మెత్తగా సాగుతుంది.

ఇత్తడిసుత్తి (జనగామ):

గ్యాస్ విషయంలో పై మిత్రునితో నేను పూర్తిగా ఏకీభవించను. అతుకు మెత్తగా ఉంటుందన్నది నిజమే కాని, ఆ మంట వెడల్పుగా వేడెక్కిస్తుంది కనుక కొత్త చేతికి వంకర ఇంకా ఎక్కువగా వస్తుంది. మొదటి కారుకు సీఓటూ చుక్కలే మేలు.

మా తాతగారు పెంబర్తిలో ఇత్తడి రేకు పని చేసేవారు. కాకతీయుల కాలం నుంచి రథాలకూ విగ్రహాలకూ తొడుగులు కొట్టిన ఊరది. లక్క పరుపు మీద రేకు పెట్టి కొట్టడం, బిగుసుకున్నప్పుడు కాల్చి మెత్తబరచడం చిన్నప్పుడు దగ్గర కూర్చుని చూశాను. ఇనుప రేకూ దెబ్బలు తిన్నకొద్దీ బిగుస్తుంది. పగులు రాకముందే ఎర్రగా కాల్చి, నీళ్లు పోయకుండా దానంతట అదే చల్లారనివ్వాలి. మిగులు రేకును కుదించాలంటే దీనికి భిన్నంగా, చిటికెన వేలి గోరంత చోట మాత్రమే ఎర్రగా కాల్చి, రెండు తేలిక దెబ్బలు వేసి, వెంటనే తడిగుడ్డ అద్దాలి. మీ డబ్బా మూత రోగానికి అతుకు సాగదీశాక కూడా ఏమైనా మిగిలితే ఇదే మందు.

వంపు తిప్పడానికి విదేశీ యంత్రాలు అక్కరలేదు. మాంసం దుకాణాల్లో వాడే చింత మొద్దు ఒకటి తెచ్చి, పై ముఖంలో నాలుగు వేళ్ల వెడల్పున గుంట తొలిచి, గుడ్డు ఆకారంలో చెక్కిన కొయ్య సుత్తితో రేకును ఆ గుంటలోకి కొట్టండి. అంచున కుచ్చులు లేస్తాయి. అవి ఒకదానిమీదొకటి మడత పడకముందే మెల్లగా అణచాలి. అలా అణగినప్పుడే అంచు కుదించుకుని రేకు గిన్నెలా తిరుగుతుంది. ఎత్తుపల్లాలు కంటికంటే అరచేతికి ముందు తెలుస్తాయి కనుక, రేకు మీద పలుచని నూలుగుడ్డ వేసి దాని మీదుగా తడిమి చూడండి.

హైదరాబాదు వెళితే బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం చూడండి. క్రికెట్ బ్యాటు, బూటు ఆకారాల్లో కె. సుధాకర్ చేతితో తయారుచేసిన కార్లు అక్కడ ఉన్నాయి. ఆయన నిర్మించిన మూడుచక్రాల సైకిలు 2005లో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ రికార్డుకెక్కింది. అయితే బూటు కారుకు పోల్చి చూసే జత లేదు, మీ ఎడమ మడ్‌గార్డుకు కుడిది ఎదురుగా సాక్షిగా నిలబడి ఉంటుంది. ఆ కుడిదాని మీదే అట్టముక్కలతో అచ్చులు కత్తిరించి, తిరగేసి వాడుకోండి.

ఆర్‌సీపుస్తకం (కాజీపేట):

సిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. జీపుకు ఉన్నట్టు పద్మినికి విడి ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. సిల్ కోస్తే కారు నడుము దిగుతుంది, ఆపై తలుపు పడదు. కోసే ముందే తలుపు సందులు కొలిచి రాసుకుని, ముందు స్తంభం నుంచి మధ్య స్తంభానికి చదరపు పైపు అడ్డంగా వెల్డింగ్ చేసి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్కకు వెళ్లండి. బ్యాటరీ తీగలు, పెట్రోలు ట్యాంకు తీసేయనిదే నిప్పు రాజేయవద్దు. జింకు పూత రేకు జోలికి పోవద్దు, దాని పొగతో రాత్రికి చలిజ్వరం వస్తుంది.

కాగితాల విషయానికి వస్తే, తుప్పు తిన్న భాగాన్ని అదే ఆకారంలో మార్చడం మరమ్మతే. టాపు కోయడం వంటి మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనానికి ప్రత్యేక నమోదు ఉంది కాని, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. పైగా ఆ నమోదుతో రోజువారీగా తిప్పడానికి వీల్లేదు. ఛాసిస్ నంబరు దగ్గరకు మాత్రం గ్రైండరు పోనివ్వకండి.

పాతబండి (హనుమకొండ):

ముగ్గురికీ ధన్యవాదాలు. తుక్కు తలుపు ఒకటి తెచ్చి నాలుగు ఆదివారాలు దాని మీదే గడిపాను. మూడో ఆదివారం ఖంగుమనే శబ్దం వరుసగా రావడం మొదలైంది. మడ్‌గార్డు అతుకును అరగదీసి డాలీ మీద కొట్టగా అలలు చాలావరకు దిగాయి, మూత ఇప్పుడు టక్కుమనడం లేదు. సిల్ వైపు కొలిస్తే, తలుపు వెనుక సందు పైన 3 మిల్లీమీటర్లు, కింద 6 ఉంది. ఇంకా ఏమీ కోయలేదు. ఇది ఇప్పటికే నడుము దిగిన గుర్తా?

ఆర్‌సీపుస్తకం (కాజీపేట):

మొదట తలుపు కీలు పిన్ను అరిగిందేమో చూడండి. తలుపు తెరిచి, చివర పట్టుకుని పైకి ఎత్తితే కదులుతోందంటే పిన్ను మార్చి మళ్లీ కొలవండి. కదలకపోతే దిగింది నడుమే. జాకీతో సిల్ పక్కన గట్టి చోట మెల్లగా లేపి, పైనా కిందా సందు సమానమైనప్పుడే ఆ పైపు వెల్డింగ్ చేయండి.