హెమిపెల్వెక్టమీని మన మాటలో ఏమనాలి?

అందరికీ నమస్కారం. పోయిన నెల చెన్నైలో మా పెద్దమ్మ కొడుక్కి తుంటిలో కాన్సర్ గడ్డ, కాండ్రోసార్కోమా అని ఆపరేషన్ చేశారు. ముందురోజు డాక్టరుగారు తమిళంలో 'ఇడుప్పు ఎలుంబు' అన్నారు. పక్క మంచం తాలూకు తెలుగాయన సాయంగానే 'నడుము ఎముక తీసేస్తారంటమ్మా' అని చెప్పాడు. పెద్దమ్మ గోడకి ఆనుకుని అట్లాగే కూలబడిపోయింది. "నడుమే తీసేస్తే బిడ్డ ఎట్టా నిలబడతాడు నాయనా?" అని ఒకటే ఏడుపు. తమిళంలో నడుముకీ తుంటికీ ఇడుప్పే. మనకి రెండూ వేరు.

హెమిపెల్వెక్టమీ అనే ఈ ఆపరేషన్‌లో కాలుతో పాటు ఆ వైపు తుంటి ఎముక మొత్తమో, చాలా భాగమో తీసేస్తారు. వెన్నెముక, రెండో వైపు తుంటి అట్లాగే ఉంటాయి. పిర్ర కండని చాలాసార్లు ఉంచి, దాంతోనే గాయం కప్పుతారు. కాలు ఉంచి ఎముక వరకే తీసే ఇంటర్నల్ రకం వేరే ఉంది. కాలుతో సహా తీసే ఈ ఆపరేషన్‌ని 1891లో బిల్‌రోత్ అనే సర్జన్ చేసినప్పుడు రోగి దక్కలేదు. 1895లో జిరార్ అనే ఇంకో సర్జన్ చేసిన మనిషి బతికాడు.

పాఠ్యపుస్తకాల్లో తుంటి ఎముకల చట్రానికి 'శ్రోణి మేఖల' అని ఉంది కాబట్టి 'అర్ధశ్రోణి ఛేదనం' అని కట్టొచ్చు. మా పెద్దమ్మకి మాత్రం అది ఇంగ్లీషు పేరు కన్నా దూరం. ఉత్త 'కాలు తీసేయడం' అంటే తొడ మొండి మిగులుతుందనుకుంటారు, ఇక్కడ అదీ మిగలదు. నేను 'తుంటితో సహా కాలు తీయడం' అని చెప్పాను. సరిపోతుందంటారా?

ఒక సభ్యురాలు: తమ్ముడూ, తుంటి మంచి మాటే. కానీ ముసలివాళ్లు జారిపడి 'తుంటి విరిగింది' అంటామే, అప్పుడు విరిగేది తొడ ఎముక పైభాగం. వినేవాళ్లు అదే అనుకుంటే? మా అమ్మమ్మ పిర్ర కింద తగిలేదాన్ని 'కూర్చునే ఎముక' అనేది.

నా జవాబు: అక్కా, ఆ సంగతి నాకు తట్టలేదు. మొన్న వాణ్ణి మొదటిసారి కూర్చోబెడితే ఆ వైపుకి ఒరిగిపోయాడు. కింద ఆనడానికి ఎముక లేదు. ఫిజియో అమ్మాయి దుప్పటి నాలుగు మడతలు వేసి అక్కడ పెట్టింది. పెద్దమ్మ ఆ మడత మీద చెయ్యి వేసి, "ఇక్కడి ఎముకేగా పోయింది" అంది. ఇకమీదట ఎవరికి చెప్పాల్సివచ్చినా 'కాలు, ఆ వైపు కూర్చునే ఎముకతో సహా' అనే చెప్తాను.