డిస్టోపియన్ నవలల్లో (భయంకరమైన సమాజాన్ని ఊహించి రాసేవాటిలో) హెచ్చరిక అంటే ఏది? కెమెరాలేనా?

నిశాచరి:
మా పుస్తకాల గ్రూపులో ఈసారి ఆర్వెల్ నవల ‘1984’ చదివాం, జనం మీద నిత్యం నిఘా పెట్టి, గతాన్ని కూడా తిరగరాసే ప్రభుత్వం కథ. చర్చ కాస్తా గొడవైంది. ఒకాయన ఎక్కడ సీసీ కెమెరా కనిపించినా, ఏ ఆన్‌లైన్ ఫారం నింపమన్నా “ఇదిగో 1984 వచ్చేసింది” అంటారు. ఇంకొకావిడేమో “1949లో వచ్చిన కథ పట్టుకుని ఇప్పటి ప్రభుత్వాలని అనుమానించడమేంటి” అని కొట్టిపారేశారు. నాకు ఇద్దరి మాటా మింగుడుపడలేదు. ప్రతిదానికీ ‘నాన్నా పులి’ అని అరిస్తే నిజంగా పులి వచ్చిన రోజు ఎవరూ లేవరు. అలాగని అసలు పులే లేదనీ అనలేను. ఇలాంటి నవలని హెచ్చరికగా చదవాలంటే అందులో దేన్ని చూడాలి? వచ్చేసారి మాట్లాడాల్సింది నేనే, అదీ టెన్షన్.

గడియారం ముల్లు:
కెమెరాల సంగతి వదిలేయండి, మనల్ని మనం చూసుకుందాం. బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’లో పుస్తకాలు తగలబెట్టించే అధికారే చెబుతాడు, ఇది ప్రభుత్వంతో మొదలవలేదు, జనమే చదవడం మానేశారు అని. హక్స్‌లీ 1932లోనే ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో సోమా అనే మత్తు మాత్ర గురించి రాశాడు. అది ఎవరూ బలవంతంగా మింగించరు, జనమే అడిగి తీసుకుంటారు. ఇప్పుడు ఫోన్ పేరుతో టెలిస్క్రీన్ (‘1984’లో ఇంట్లోనే ఉండి మనిషిని చూసే, వినే యంత్రం) కొనుక్కుని, నెలనెలా దానికి రీఛార్జి చేయించుకుంటున్నది కూడా మనమే కదా.

పాత దస్త్రం:
ముల్లు గారూ, ఫోనూ టెలిస్క్రీనూ ఒకటే అని అందరూ అంటారు గానీ నవలలో ఆ యంత్రం గురించి అసలు విషయం వేరే చోట ఉంది. కథానాయకుడు విన్‌స్టన్ లాంటివాళ్ళు దాని గొంతు తగ్గించగలరు, పూర్తిగా ఆపలేరు. పాలక పార్టీ పెద్దల్లో ఒకడైన ఓబ్రియన్ ఇంటికి విన్‌స్టన్ వెళ్ళినప్పుడు, ఓబ్రియన్ మీట నొక్కి ఆపేస్తాడు. విన్‌స్టన్ నోరెళ్ళబెడితే, మాకు ఆ వెసులుబాటు ఉందిలే అంటాడు. నిఘా అందరికీ ఉంది, మీట మాత్రం కొందరికే ఉంది. నాకు ఆ నవలలో అన్నిటికన్నా భయపెట్టిన చోటు అది.

నిశాచరి గారూ, నేను రికార్డు సెక్షన్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. అందుకే విన్‌స్టన్ ఇల్లు కన్నా, ప్రభుత్వం కోసం పాత పత్రికల్ని తిరగరాసే అతని ఆఫీసు బల్లే నాకు బాగా అర్థమవుతుంది. గొట్టంలోంచి ఒక చీటీ జారి పడుతుంది. ఈ ఏడాది చాక్లెట్ రేషన్ తగ్గించం అని ఫిబ్రవరిలో ఇచ్చిన మాటని, ఏప్రిల్‌లో తగ్గించాల్సి రావచ్చు అనే ముందస్తు హెచ్చరికగా మార్చాలి. మారుస్తాడు. పాత పత్రిక స్థానంలో కొత్తది చేరుతుంది, చీటీ మంటల్లోకి పోతుంది. రేషన్ 30 గ్రాముల నుంచి 20కి పడిపోతుంది. మర్నాడు క్యాంటీన్‌లో కూర్చుంటే, 20 గ్రాములకు పెంచినందుకు జనం ఊరేగింపుగా కృతజ్ఞతలు చెప్పారని వార్త వినిపిస్తుంది! ఇంతా చేసి విన్‌స్టన్‌కి జీవితంలో పెద్ద ఆనందం తన ఉద్యోగమే అని ఆర్వెల్ రాస్తాడు. ఆ బల్ల దగ్గర రాక్షసుడెవడూ లేడు. పని బాగా వచ్చిన గుమాస్తా ఉన్నాడు, అంతే.

మా సెక్షన్‌లో ఒక నియమం ఉండేది. రిజిస్టరులో తప్పు పడితే దాని మీద ఒకే ఒక్క గీత గీయాలి. పాత అంకె కింద కనపడుతూనే ఉండాలి. పక్కన కొత్తది రాసి, పొట్టి సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ వాడితే మా సూపరింటెండెంట్ అందరి ముందూ దులిపేసేవాడు. అప్పట్లో అదంతా చాదస్తమనుకునేవాళ్ళం (నేనైతే ఆయనకో మారుపేరు కూడా పెట్టాను, ఇక్కడ రాయను). కానీ ఆ గీత ఉంటేనే, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అని రేపెవరైనా అడగగలిగేది. విన్‌స్టన్ పనిచేసే మంత్రిత్వ శాఖ అంటే ఆ ఒక్క నియమం ఎత్తేసిన రికార్డు సెక్షన్.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మొదట్లో పెట్టిన ప్రోగ్రాంలో తాజా వివరం ఒక్కటే కనిపించేది. పాతదేమిటో, మార్చిందెవరో ఉండేది కాదు. ఒక పెద్దాయన తన పుట్టిన తేదీ కాగితం పట్టుకుని వస్తే కౌంటర్‌లో కుర్రాడు “సిస్టంలో ఇలాగే ఉందండీ” అన్నాడు. కుర్రాడు మంచివాడే, కుట్రా లేదు. కానీ ఆ ముసలాయన చేతిలోని కాగితానికి ఆ క్షణాన విలువ లేకుండా పోయింది. మార్పుల వివరాలు నమోదయ్యే ఏర్పాటు ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

అందుకని కెమెరా పెట్టారంటే నేను వెంటనే గగ్గోలు పెట్టను. ఆ రికార్డు ఎన్నాళ్ళుంచుతారు, తప్పుంటే ఎవర్ని అడగాలి, ఈ అధికారం ఏ తేదీతో ముగుస్తుంది అని చూస్తాను. తేదీ లేకపోవడం చిన్న విషయం కాదు. జర్మనీలో పార్లమెంటు భవనం తగలబడిన మర్నాడు, 1933 ఫిబ్రవరి 28న, పౌరహక్కుల్ని ‘తదుపరి ప్రకటన వరకు’ పక్కనపెడుతూ ఒక ఉత్తర్వు వచ్చింది. ఆ తదుపరి ప్రకటన నాజీ ప్రభుత్వం కూలేదాకా రానేలేదు.

సగటు జీవి:
దస్త్రం గారు బాగా చెప్పారు గానీ నాకో అభ్యంతరం. ఈ నవలలన్నీ చదివి చదివి మనకి ప్రభుత్వం మీద భయం, కంపెనీల మీద నమ్మకం ఏర్పడ్డాయి. 2009 జూలైలో అమెజాన్ తన కిండిల్‌లలోంచి (ఈ-పుస్తకాలు చదువుకునే పరికరాలు) కొందరు కొనుక్కున్న పుస్తకాన్ని దూరం నుంచే చెరిపేసింది. ఏ పుస్తకమనుకున్నారు? ‘1984’! అమ్మినవాళ్ళకి హక్కులు లేవట. డబ్బు వెనక్కిచ్చారనుకోండి. ఏ మంత్రిత్వ శాఖా చెప్పకుండానే జరిగింది ఇది. పైగా ప్రభుత్వం దగ్గర మన వివరాలే లేకపోతే పెన్షన్ ఎలా, టీకా ఎలా?

పాత దస్త్రం:
వివరాలు వద్దని నేనెందుకంటాను, వాటితోనే అన్నం తిన్నవాణ్ణి. మీ ఉదాహరణలో తర్వాత ఏం జరిగిందో కూడా చూడండి. పత్రికలు ఏకిపారేశాయి. కంపెనీ అధిపతి బెజోస్ స్వయంగా క్షమాపణ చెప్పాడు. ఆ పుస్తకంలో నోట్సు రాసుకున్న ఒక విద్యార్థి కోర్టుకెక్కితే కంపెనీ రాజీకొచ్చింది. అంటే అడగడానికి ఒక చోటుంది, అడిగితే పలికారు. మార్గరెట్ ఆట్‌వుడ్ ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’లో లేనిది సరిగ్గా ఇదే. ఒకరోజు దుకాణంలో కథ చెప్పే ఆవిడ కార్డు పనిచేయదు. ఫోన్ చేసి అడగబోతే, లైన్లు రద్దీగా ఉన్నాయి, మళ్ళీ చేయండి అని రికార్డు మాట వస్తుంది. అప్పటికే ఆడవాళ్ళ ఖాతాలన్నీ స్తంభించాయి. రాజ్యాంగాన్ని ‘తాత్కాలికంగా’ పక్కనపెట్టినప్పుడు వీధుల్లో అల్లర్లు కూడా జరగలేదు, జనం ఇంట్లో కూర్చుని టీవీ చూశారు. ఇక్కడ మాత్రం ముల్లు గారి మాట నిజమే.

నిశాచరి:
ఇద్దరికీ కాదు, ముగ్గురికీ థాంక్స్. నాకిచ్చింది పదిహేను నిమిషాలే. పుస్తకంలోంచి చదివి వినిపించాలంటే ఏ భాగం తీసుకోమంటారు?

పాత దస్త్రం:
చాక్లెట్ పేజీలు, ఓబ్రియన్ మీట ఆపే పేజీ. విన్‌స్టన్‌ని ఎలుకలతో భయపెట్టే 101 నంబరు గది జోలికి మాత్రం పోకండి. అది వింటే జనం ఎలుకల గురించే మాట్లాడుకుంటారు, మీ పదిహేను నిమిషాలూ అక్కడే అయిపోతాయి. వీలైతే కెమెరాలాయన్నీ ఆ ఆవిడనీ పక్కపక్కన కూర్చోబెట్టి, మీ దగ్గర్లోని కెమెరా రికార్డింగు తప్పుగా వాడితే ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పమని ఇద్దర్నీ అడగండి.