ఉచిత బస్సు వల్ల మిగిలిన ఛార్జీ డబ్బుతో అమ్మని కాశీ తీసుకెళ్లాలి. ఎలా దాచాలి, ఎంత అవుతుంది?

ఖమ్మం టీచర్
అందరికీ నమస్తే. ఖమ్మం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాను, జీతం 13 వేలు. అమ్మకి 62 ఏళ్లు. నాన్న పోయాక ఊరు దాటింది లేదు. కాశీ ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. మూడేళ్లుగా "వచ్చే ఏడాది వెళ్దాం అమ్మా" అంటూనే ఉన్నాను. మా ఆయన వద్దనరు. కానీ నేను దాచిందల్లా ఏదో ఒక ఇంటి అవసరానికి వెళ్లిపోతోంది. పోయిన నెల పోపుల డబ్బాలో ఆవాల గిన్నె కింద పెట్టిన 4,200 తీసి కరెంటు బిల్లుకీ పాప ఫీజుకీ ఇచ్చేశాను. నోట్ల అంచులన్నీ పసుపు అంటుకుని ఉన్నాయి. లెక్కపెడుతుంటే ఏడుపొచ్చింది. మగతోడు లేకుండా ఇద్దరం తక్కువలో వెళ్లి రావాలంటే ఎంత కావాలి? ఆ డబ్బు ఇంట్లో కరిగిపోకుండా మీరెలా దాచారు?

హన్మకొండ నర్సు
చెల్లీ, మా అమ్మని నేను తీసుకెళ్లింది అచ్చంగా బస్సు ఛార్జీతోనే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

డ్యూటీకి రానూపోనూ రోజుకి 70 రూపాయలు అయ్యేది. నెలకి 25 డ్యూటీలు, అంటే 1,750. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం, మహాలక్ష్మి, మొదలయ్యాక ఆ ఖర్చు పోయింది. మరి ఆ డబ్బు ఏది? మొదటి మూడు నెలలు ఎంత వెతుక్కున్నా కనపడలేదు. కూరగాయల్లో, సాయంత్రం టిఫిన్లలో కలిసిపోయింది. టికెట్ కొనకపోతే డబ్బు మిగిలినట్టేనని అనుకుంటాం. దాన్ని అదే నెలలో పక్కకి తీసి మన పేరు మీద వేస్తేనే అది మిగిలినట్టు.

అప్పుడు బ్యాంకులో ఏడాదికి ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) తెరిచా, నెలకి 1,500. జీతం పడిన మర్నాడే దానంతటదే కట్ అయ్యేలా చెప్పా. నెలాఖరుకి మిగిలితే కడదాం అనుకుంటే ఎప్పటికీ కట్టలేం. పన్నెండు నెలలకి 18 వేలు అసలు, వడ్డీతో 18,600 దాటింది. ఖాతా నా ఒక్కదాని పేరు మీదే, మెసేజ్ నా ఫోన్‌కే. మా ఆయనకి తెలుసు, దాపరికం ఏమీ లేదు. కానీ అవసరం వచ్చినప్పుడు "అది అమ్మ కాశీ డబ్బు" అని చెప్పగలిగాను. పోపుల డబ్బాలో ఉంటే ఆ మాట అనలేం.

ఖర్చు సంగతి. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ స్లీపర్, ఇద్దరికీ రానూపోనూ సుమారు మూడు వేలు. పాత మొగల్‌సరాయ్, ఇప్పుడు దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, అక్కడ దిగి ఆటో మాట్లాడుకున్నాం. కేదార్ ఘాట్, పాండే హవేలీ వైపు తెలుగువాళ్ల ఆశ్రమాలున్నాయి. గది అద్దె తక్కువ, మన భోజనం. నాలుగు రాత్రులున్నాం. పడవ సొంతంగా మాట్లాడుకోకుండా నలుగురితో కలిసి ఎక్కాం. అన్నీ కలిపి 12 వేల లోపే. మిగిలింది మళ్లీ ఆర్డీలో వేశా.

గుంటూరు పద్మ
అమ్మాయీ, చీటీ వేద్దామని ఎవరైనా చెప్తే తొందరపడకు. మా వీధిలో ఒకావిడ దగ్గర నమ్మకం మీద వేసి 40 వేలు పోగొట్టుకున్నాను. రసీదు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. ఒకరోజు వెళ్తే ఇంటికి తాళం. అది మా అమ్మాయి కాలేజీ ఫీజు. మళ్లీ కూడబెట్టడానికి రెండేళ్లు పట్టింది.

ఇంకోటి. పోస్టాఫీసు ఆర్డీ మంచిదే, నెలకి 100 నుంచి కట్టొచ్చు, వడ్డీ ఇప్పుడు 6.7 శాతం. కానీ అది ఐదేళ్లది. మూడేళ్లు నిండకముందు మూసెయ్యడానికి లేదు. వచ్చే ఏడాది యాత్రకి అది పనికిరాదు, బ్యాంకుదే కట్టు.

బెంగళూరు తెలుగమ్మాయి
బస్సుల గురించి ఒక మాట. ఏ రాష్ట్రం ఉచిత బస్సు పథకం ఆ రాష్ట్రం చిరునామా ఉన్నవాళ్లకే. నా ఆధార్ బెంగళూరుకి మార్చుకున్నాను కాబట్టి ఇక్కడ శక్తి పథకం నాకు వర్తిస్తుంది. అనంతపురంలో పుట్టింటికి వెళ్తే మాత్రం టికెట్ కొనుక్కోవాల్సిందే. ఆంధ్రలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది, పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా. సూపర్ లగ్జరీ, ఏసీ, పక్క రాష్ట్రానికి వెళ్లే బస్సుల్లో లేదు.

ఖమ్మం టీచర్
అక్కలందరికీ చాలా థాంక్స్. ఒక సందేహం. ఖమ్మం నుంచి సికింద్రాబాద్‌కి ఎక్స్‌ప్రెస్ బస్సులో వెళ్తాం. అమ్మ ఆధార్ చాలా పాతది, చిరునామాలో ఇంకా ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. జీరో టికెట్ (ఉచిత టికెట్) ఇస్తారా?

హన్మకొండ నర్సు
ఇబ్బంది పెడతారు చెల్లీ, ముందే అప్‌డేట్ చేయించు. ఫోన్లో ఫొటో, జిరాక్సు కూడా ఒప్పుకోరు, ఒరిజినల్ ఉండాలి. పాన్ కార్డులో చిరునామా ఉండదు కాబట్టి అదీ చెల్లదు. ఒక పెద్దావిడ పాన్ చూపించి, చివరికి చీర కొంగుముడి విప్పి చిల్లర తీసి టికెట్ కొనడం నా కళ్లారా చూశాను.

రైల్వే రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. తేదీ రాసిపెట్టుకుని ఆ రోజే చెయ్యి, తత్కాల్‌కి పోతే ఖర్చు పెరుగుతుంది. 45 దాటిన ఆడవాళ్లకి ఖాళీ ఉంటే కింది బెర్త్ దానంతటదే వస్తుంది, అమ్మ వయసు సరిగ్గా నింపు. పెద్దవాళ్ల రాయితీ మీద ఆశ పెట్టుకోకు, 2020 మార్చిలో తీసేశారు. ఆన్‌లైన్‌లో తీసుకుంటే 45 పైసల ఇన్సూరెన్స్ దగ్గర టిక్ పెట్టు. రైల్లో ఏదైనా ఇబ్బంది అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చెయ్యి.

విశాఖ సుజాత
సత్రం నంబరు కోసం గూగుల్‌లో వెతికి మోసపోయాను, అందుకే రాస్తున్నా. ఒక ఆశ్రమం పేరుతో సైట్ కనపడింది. ఫోన్ చేస్తే తెలుగులోనే మర్యాదగా మాట్లాడాడు, అడ్వాన్సు 2,000 పంపమన్నాడు. పంపాక ఫోన్ ఎత్తలేదు. వెళ్లి వచ్చినవాళ్ల దగ్గర రసీదు మీదున్న నంబరు అడిగి తీసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను రెండు రోజులు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, ఆ రెండు రోజులే నష్టం చేశాయి.

ఒంటరిగా వెళ్లేవాళ్లకి చాలా సత్రాల్లో గది ఇవ్వరు, తిరుమలలోనూ అంతే. మీరు ఇద్దరు కాబట్టి పర్వాలేదు, అయినా ముందే అడగండి.

గుంటూరు పద్మ
కార్తీక పౌర్ణమికి మాత్రం వెళ్లొద్దు తల్లీ. ఆ రోజు కాశీలో జరిగే దేవ దీపావళికి ఇసుక వేస్తే రాలనంత జనం, గది దొరకడం కష్టం. ఆ రద్దీలో మీ అమ్మ ఘాట్ మెట్లు దిగలేకపోవచ్చు. అది దాటాక మార్గశిరంలో వెళ్లండి. చలి ఉంటుంది, స్వెటరూ మేజోళ్లూ పెట్టుకోండి.

ఖమ్మం టీచర్
ఇవాళ స్కూల్ అయ్యాక బ్యాంకుకి వెళ్లి ఆర్డీ తెరిచాను. నెలకి 1,200, ఏడాదికి. నాకు అంతకన్నా కుదరదు, తక్కువ పడితే బోనస్ కలుపుతాను. నామినీ అమ్మ. ఇంటికొచ్చి చెప్తే ఏమీ అనలేదు, లోపలికెళ్లి బీరువాలోంచి నాన్న శాలువా తీసింది. చలికి ఇది సరిపోతుందా అని అడిగింది. నర్సు అక్కా, ఆ ఆశ్రమం రసీదు మీ దగ్గర ఉంటే ఫొటో పంపుతారా?